తవ్వింది ఇక్కడ, దాచింది ఎక్కడ?

కొండాపూర్ మ్యూజియం చూసొచ్చానని చెప్తే హైదరాబాద్ మిత్రులు ‘బొటానికల్ గార్డెన్ పక్కనా?’ అని అడుగుతారు. వాళ్ళననుకుని లాభం లేదు. కొండాపూర్ అనగానే సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, హాస్టళ్ళు, ఫ్లైఓవర్లు గుర్తుకొచ్చే రోజులివి. నేను చెప్పే కొండాపూర్ సంగారెడ్డి అవతల ఉంది. ముంబై హైవే పట్టుకుని పటాన్‌చెరు దాటి, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి చౌరస్తాకు చేరి, అక్కడినుంచి పల్లెదారిలోకి తిరగాలి. ఊరి బయట పెద్ద మట్టిదిబ్బ. ఊళ్ళోవాళ్ళు దాన్ని కోటగడ్డ అంటారు. ఆ గడ్డను ఆనుకుని కేంద్ర పురావస్తు శాఖ వారి చిన్న ప్రదర్శనశాల. శుక్రవారం సెలవు.

ఆ దారిలో మన బండికి ముందూ వెనకా లారీలే. మందుల కంపెనీల డ్రమ్ములు మోసేవి, ఇనుప చట్రాలు మోసేవి. ఇస్నాపూర్ దగ్గర షిఫ్టు మారే వేళైతే రోడ్డంతా టిఫిన్ బాక్సుల సంచులే. భోజ్‌పురి, ఒడియా, హిందీ, తెలుగు ఒకేసారి చెవిన పడతాయి. ఇంత హడావుడిని దాటుకుని కోటగడ్డ ఎక్కితే గాలి తప్ప చప్పుడుండదు. నాకు ఈ రెండు చోట్లూ ఒకదానికొకటి పరాయివిగా ఎప్పుడూ అనిపించలేదు. గడ్డ మీద ఒకప్పుడు ఉన్నదీ ఇస్నాపూర్‌లాంటి ఊరే.

ఎలాగంటే, 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని దానికి డైరెక్టరుగా పెట్టింది. ఆయన హయాంలోనే 1940-41 ప్రాంతంలో కోటగడ్డను తవ్వారు. బయటపడింది రాజుగారి మేడలు కావు. ఇటుక ఇళ్ళు, కొలుములు, ఇనుప పనిముట్లు, పూసలు, మట్టిబొమ్మలు, కుప్పలుగా శాతవాహనుల నాణేలు. నాణేలు పోసే మూసలు కూడా దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని యజ్దానీ అంచనా వేశారు. బౌద్ధ కట్టడాల పునాదులూ కనిపించాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం దొరికింది. అంటే పనివాళ్ళ ఊరు, సరుకు వచ్చిపోయే ఊరు, పరాయి దేశపు డబ్బు చేతులు మారిన ఊరు. 2009 తరవాత కేంద్ర శాఖ మళ్ళీ తవ్వినప్పుడు తేలిందీ చాలావరకు ఇదే.

అక్కడి అద్దాల పెట్టెల్లో నా కాళ్ళు ప్రతిసారీ ఆగేది బంగారం దగ్గర కాదు. రోమన్ నాణేన్ని చూసి అచ్చుగుద్దినట్టు మట్టితో చేసిన బిళ్ళలున్నాయి. మెళ్ళో వేసుకోవడానికి వీలుగా తాడు పోయే బెజ్జాలుంటాయి. బంగారు కాసు కొనలేనివాళ్ళు మట్టికాసు చేసుకుని, దానికి బంగారు రంగు పూసుకున్నా పూసుకోకున్నా, మెళ్ళో వేసుకుని తిరిగారన్నమాట. ఇక తెల్లటి సుద్దమట్టి బొమ్మల తలలు చూడండి. బొటనవేలంత ముఖం, దాని మీద అరచేయంత కొప్పు. ఎన్ని రకాల జడలు, ఎన్ని పాపిళ్ళు, ఎన్ని పూలదండలు! రెండు మూసల్లో అచ్చు తీసి అతికించిన బోలు బొమ్మలివి. అతుకు గీత చెవి వెనక సన్నగా కనిపిస్తుంది. ఆ అతుకును వేలితో నిమిరి సాఫు చేసిన కుమ్మరి, ఎందుకో ఒకచోట వదిలేశాడు. రెండు వేల ఏళ్ళ కిందటి మనిషి కూడా సాయంత్రమయ్యేసరికి పని చాలించి లేచాడని నాకు నమ్మకం కలిగేది అక్కడే.

నాణేల్లో చాలావాటి మీద ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు నాలుగు గుండ్లు కలిపినట్టుండే ఉజ్జయిని గుర్తు. చరిత్ర పుస్తకాల్లో ఈ మాట చదివి పరీక్ష రాసినవాళ్ళు మనలో లక్షల మంది ఉంటారు. ఆ ఏనుగును చూసినవాళ్ళు ఎందరు?

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఒక ప్రాంతపు మ్యూజియం ఆ ప్రాంతానికి ఏం చేయాలి? వస్తువులను భద్రపరిస్తే చాలా? చూడటానికి ఎవరు రావాలి? 2022 ఆగస్టులో ప్రేగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ మ్యూజియంల మండలి, మ్యూజియం అంటే ఏమిటో కొత్త నిర్వచనం రాసుకుంది. సేకరించడం, భద్రపరచడం, ప్రదర్శించడం అనే పాత పనులతో పాటు అందరికీ అందుబాటు, స్థానిక సమాజాల భాగస్వామ్యం అనే మాటలు అందులో చేరాయి. అవి రాసుకోవడానికి వాళ్ళకు ఏళ్ళ తరబడి తగవులాడుకోవలసి వచ్చింది. మన సంగారెడ్డి-పటాన్‌చెరు దారిని ఆ నిర్వచనం పక్కన పెట్టి చూస్తే ఎక్కడెక్కడ ఏముందో, ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. ఈ వ్యాసంలో నేను చేయబోయేది ఆ లెక్కే.

కొండాపూర్ విషయంలో యజ్దానీ తరం చేసిన మంచి పని, దొరికినవాటిలో కొంతైనా దొరికినచోటే ఉంచడం. ఇది ఇప్పుడు మామూలు సంగతిలా వినిపిస్తుంది గాని, అప్పట్లో కాదు. 1930లలోనే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో సంస్థానానికి పెద్ద మ్యూజియం వచ్చింది. మంచి విగ్రహం ఎక్కడ దొరికినా అక్కడికి చేరడమే రివాజు. దానికి నిలువెత్తు ఉదాహరణ పటాన్‌చెరు.

పటాన్‌చెరు పాత పేరు పొట్లచెరువు. కన్నడ శాసనాల్లో పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల్లో రెండవ జయసింహుడు, అంటే జగదేకమల్లుడు, 11వ శతాబ్దం మొదటి సగంలో ఇక్కడినుంచి ఏలాడు. అప్పట్లో ఇది జైనులకు పెద్ద నెలవు. ఆ జయసింహుడి రాణి సుగ్గలదేవి శైవ గురువు దేవర దాసిమయ్యకు శిష్యురాలైందనీ, ఆ తరవాత జైనులకు గడ్డుకాలం వచ్చిందనీ వీరశైవ సంప్రదాయం కథగా చెప్పుకుంటుంది. కథలో ఎంత నిజముందో చరిత్రకారులు తేల్చుకుంటారు. మట్టి మాత్రం తన సాక్ష్యం తాను చెప్పింది. పటాన్‌చెరు చుట్టుపక్కల పునాది తీసినచోటల్లా తీర్థంకరులు బయటపడ్డారు. నల్లరాతి వర్ధమాన మహావీరుడు, పడగ కింద పార్శ్వనాథుడు. నున్నగా మెరిసే ఆ రాళ్ళను ఇప్పుడు చూడాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు పోవాలి. రాష్ట్ర మ్యూజియం జైన విభాగంలో పటాన్‌చెరు అనే పేరు కనిపిస్తుంది. పటాన్‌చెరులో మాత్రం ఆ పేరు బస్సు బోర్డు మీదే.

ఐదు వందల ఏళ్ళ తరవాత అదే ఊరు ఇంకో వింత చూసింది. ఇబ్రహీం కుతుబ్ షా దగ్గర ఉద్యోగి అయిన అమీన్‌ఖాన్ ఇక్కడ ఉండేవాడు. పొన్నిగంటి తెలగన్న సంస్కృత పదం సోకకుండా అచ్చతెలుగులో తొలి కావ్యం ‘యయాతి చరిత్ర’ రాసి ఆయనకు అంకితమిచ్చాడు. ముసల్మాను ఏలికకు అచ్చతెలుగు కావ్యం. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళకు ఇది కంఠోపాఠం. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఎవరైనా బడికి పోయి అడగొచ్చు. పక్కనున్న అమీన్‌పూర్ పేరు ఆయనదేనంటారు. అమీన్‌పూర్ అంటే ఇప్పుడు గజం ధర, చెరువు చుట్టూ వెంచర్లు, 2016లో ఆ చెరువుకు దక్కిన జీవవైవిధ్య వారసత్వ హోదా. అమీన్‌ఖాన్ ఎవరో అడిగితే ఆటోవాలా ‘కార్పొరేటరా సార్?’ అన్నాడు. నవ్వొచ్చింది గాని, అతనికి తెలిసే మార్గం మనమేం ఉంచాం గనక?

విగ్రహాలను వెనక్కి తెచ్చేయాలని ఉద్యమం చేద్దామనే మిత్రులున్నారు. నాకు ఆ తొందర లేదు. తెచ్చి ఎక్కడ పెడతాం? ఫ్లైఓవర్ కిందా? నాంపల్లిలో వాటికి కప్పుంది, కాపలా ఉంది. ముందు కావలసింది పటాన్‌చెరులో ఒక గది. అసలు రాళ్ళు నాంపల్లిలోనే ఉన్నా, వాటి అచ్చులు, ఫొటోలు, ఏ వాడలో ఏ పునాది కింద ఏది దొరికిందో చూపే ఊరి పటం ఆ గదిలో పెట్టొచ్చు. అమీన్‌ఖాన్ కథనూ, తెలగన్న కథనూ రెండు పలకల మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. ఇంతకన్నా చవకైన మ్యూజియం ఉండదు.

సంగారెడ్డి పట్టణంలో ఇంకో మ్యూజియం ఉంది. దాని పేరు దేశమంతా పాకింది, కారణం చరిత్ర కాదు. 1796లో కట్టిందని చెప్పే పాత జిల్లా జైలు అది. ఖైదీలను కంది దగ్గరి కొత్త జైలుకు మార్చాక, 2016లో పాతదాన్ని మ్యూజియం చేశారు. ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండనిచ్చారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్ళెం, జైలు తిండి, నేల మీద పడక. పత్రికలకు, టీవీలకు పండగే. మలేషియానుంచి కూడా వచ్చి ఉండి వెళ్ళారు.

దీన్ని వెక్కిరించడం తేలిక. నేనైతే సగం మెచ్చుకుంటాను. కూల్చి షాపింగ్ కాంప్లెక్సు కట్టాల్సిన చోట గోడలు నిలిచాయి. జైళ్ళ శాఖవాళ్ళు చరిత్రకారులు కారు, అయినా ఆ ఆలోచన వాళ్ళకొచ్చింది. మిగతా సగం మీదే నా పేచీ. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ గోడల మధ్య మనుషులు బతికారు. నిజాం కాలపు శిక్షలు, పోలీసు చర్య తరవాతి రోజులు, ఎమర్జెన్సీ అన్నీ ఆ గేటు చూసింది. ఒక రాత్రి పడుకుని సెల్ఫీ దిగి వెళ్ళిపోయే సందర్శకుడికి కూడు రుచి తెలుస్తుంది, కేసు తెలియదు. ఎవరు ఏ నేరం మీద లోపలికొచ్చారు, అప్పు తీర్చలేకనా, వెట్టికి ఎదురుతిరిగా, కల్లు దొంగతనానికా? జైలు రికార్డుల్లో ఒక్క సంవత్సరం పుటలు విప్పి గోడకు పెట్టినా ఈ జిల్లా రైతు చరిత్ర సగం చదివినట్టే. ఒక్కరాత్రి ఖైదు కన్నా అది ఎక్కువ భయపెడుతుంది కూడా.

ఇక దాచడం గురించి ఈ ప్రాంతం ప్రపంచానికే చెప్పదగ్గ పాఠం ఒకటుంది. దానికి మ్యూజియమని పేరు లేదు.

1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. మెట్టపంటల మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ. దాదాపు 1,400 హెక్టార్ల భూమి కంచెలోకి పోయింది. మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్ళు లేచిపోయాయి. ఆ కంచె లోపల ఒక విత్తన నిధి ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, కొర్రా సామా లాంటి చిరుధాన్యాలు, 140కి పైగా దేశాలనుంచి తెచ్చిన 1,20,000 పైచిలుకు రకాలు. కొన్నాళ్ళు దాచేవాటిని 4 డిగ్రీల చల్లదనంలో, కలకాలం ఉండాల్సినవాటిని మైనస్ 20 డిగ్రీల్లో పెడతారు. నకళ్ళను నార్వేలో మంచుకొండ కింద స్వాల్‌బార్డ్ నిధికి పంపారు. యుద్ధమొచ్చి ఒక దేశపు విత్తనాలన్నీ పోయినా ఇక్కడినుంచి తిరిగి ఇవ్వొచ్చు. ఇది అక్షరాలా ప్రదర్శనశాలే, కాకపోతే అల్యూమినియం డబ్బాల్లో.

అదే జిల్లాలో, అక్కడికి ఎనభై కిలోమీటర్ల లోపే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిది. పి.వి. సతీశ్ దాన్ని నడిపారు, 2023 మార్చిలో పోయారు. ఆ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, గుంటలూ ఎకరాలూ లెక్కన బీడు భూమున్నవాళ్ళు. వాళ్ళ విత్తన నిధి వెదురు బుట్టల్లో, మట్టి కాగుల్లో ఉంటుంది. వేపాకు, బూడిద కలిపి, పైన మట్టితో మెత్తి మూత వేస్తారు. ఒకామె విత్తనం బదులు తీసుకుంటే పంటకు ఎక్కువ కలిపి తిరిగి పోస్తుంది. అందుకే ఆ నిధి తరగదు. ఏటా సంక్రాంతినుంచి నెలరోజుల పాటు పాత పంటల జాతర. ఎడ్లబండ్లను అలంకరించి, బుట్టల్లో డజన్లకొద్దీ విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. బండి ఆగినచోట పాటలు, కొట్లాటలాంటి చర్చలు. ‘తెల్లజొన్న ఎవరింట్ల ఉంది? పచ్చజొన్న ఎందుకు పోయింది?’ 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దేశంలో తొలి సామాజిక రేడియోల్లో అదొకటి, అందులో మాట్లాడేదీ ఈ ఆడవాళ్ళే.

ఈ రెండింటినీ పోటీ పెట్టి పస్తాపూర్‌ను గెలిపించడం మన పత్రికలకు అలవాటు. నేను ఆ పని చేయను. మంచులో దాచకపోతే కరువొచ్చిన ఏడాది బుట్ట ఖాళీ అవుతుంది, నిజం. కాని బుట్టలో విత్తనానికి తోడు ఇంకొకటి ఉంటుంది. ఏ చేలో వేయాలి, ఏ కార్తెలో వేయాలి, దేనితో కలిపి సాళ్ళు పెట్టాలి, బాలింతకు ఏది పెట్టాలి, ఏది దసరాకు, ఏది పీర్ల పండగకు. డబ్బా మీది నంబరులో ఇవి పట్టవు. మ్యూజియాల వాళ్ళు ఈ మధ్య ‘అమూర్త వారసత్వం’ అని ఒక పెద్ద మాట వాడుతున్నారు. పస్తాపూర్ ఆడవాళ్ళకు ఆ మాట తెలియనవసరం లేదు. వాళ్ళకు పని తెలుసు. వాడుతూ దాచడం వాళ్ళ పద్ధతి. కొండాపూర్ అద్దాల పెట్టెకు, పబ్లిక్ గార్డెన్స్ పీఠానికి చేతకానిది ఇదే.

మరి ఈ మధ్య అరవై ఏళ్ళ సంగతో?

కోటగడ్డ మీద గడిచిన రెండు వేల ఏళ్ళలో జరగనంత మార్పు ఈ నేల మీద ఈ అరవై ఏళ్ళలో జరిగింది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. టర్బైన్లు, పంపులు, వాటితో పాటు టౌన్‌షిప్, బడులు, యూనియన్లు, పెన్షనర్లు. 1970ల చివరినుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్‌నుంచి పార్లమెంటుకు గెలిచాక జిల్లాకు ఫ్యాక్టరీలు కట్టలు తెంచుకుని వచ్చాయి. 1984లో ఎద్దుమైలారం ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ, సైన్యానికి పోరాట బండ్లు తయారుచేసేది. ఐఐటీ హైదరాబాద్ 2008లో తొలి పాఠాలు చెప్పింది ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే, కందికి మారింది తరవాత. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు. ఊరివాళ్ళ భాషలో అన్నిటికీ ఒకటే పేరు, ‘కంపెనీ’. ‘మావోడు కంపెనీల చేస్తడు’ అంటే పెళ్ళిసంబంధానికి అంతకన్నా వివరం అడిగేవాళ్ళు కాదు.

ఆ పక్కనే నక్కవాగు. కంపెనీల నీళ్ళు కలిసి చెరువులు, బావులు, చేలు రంగుమారాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ అల్లాణి కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగులను చూసే పోరాటంలోకి దిగారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడినుంచి హైకోర్టు, హైకోర్టునుంచి గ్రీన్ ట్రిబ్యునల్, 2017లో తీర్పు. ఒక పిల్లాడు పుట్టి పెళ్ళీడుకొచ్చేంత కాలం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం, ఇక్కడి శుద్ధి కేంద్రంనుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించింది. మనిషి రక్తంలో మందుగా పనిచేసేటప్పుడు ఉండే మోతాదుకన్నా ఎక్కువ. పటాన్‌చెరు పేరు ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది అలా. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ మాట్లాడుకున్నా ఈ ఊరి పేరు వస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కంపెనీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్లనుంచి వచ్చిన కార్మికులు వారిలో చాలామంది. కొందరిని డీఎన్ఏ పరీక్షలతో గుర్తుపట్టాల్సి వచ్చింది.

ఇంత జరిగితే, దీనికి సంబంధించిన ఒక్క గది, ఒక్క అల్మారా, ఒక్క ఫొటోల గోడ ఈ దారిలో లేదు. శాతవాహనుల కొలిమికి అద్దాల పెట్టె ఉంది. ఆ కొలిమి ముందు కూచున్న మనిషికి ముని ముని మనవడిలాంటివాడు ఇప్పుడు బాయిలరు ముందు నిలబడ్డాడు. వాడి గురించి రాసింది పోలీసు ఎఫ్ఐఆర్‌లోనూ, పరిహారం జాబితాలోనూ మాత్రమే.

లోకంలో ఇలాంటి చోట్ల ఏం చేశారు? ఫ్రాన్స్‌లో లె క్రూసో అనే ఊరుంది. ష్నైడర్ కుటుంబపు ఉక్కు, ఫిరంగులు, రైలింజన్ల మీద బతికిన ఊరు. 1970ల మొదట్లో అక్కడ కార్మికుల ఇళ్ళు, గనులు, కాలువలు, కొలుములు అన్నీ కలిపి ఒకే మ్యూజియమని ప్రకటించారు. కప్పు కింద పెట్టేది కొంతే, మిగతాది ఊళ్ళో ఉన్నచోటే ఉంటుంది. ఊరివాళ్ళే దానికి క్యూరేటర్లు. ‘ఎకోమ్యూజియం’ అనే పేరు అలాంటి ప్రయోగాలతో లోకమంతా పాకింది. పదేళ్ళు దాటాయో లేదో, 1984లో ఆ ఫ్యాక్టరీ దివాలా తీసింది. పని పోయిన ఊరికి జ్ఞాపకం మిగిలింది. అది సరిపోయిందా అంటే సరిపోలేదనే అంటారు అక్కడివాళ్ళు కూడా.

మనకు ఇంకా దగ్గరిది భోపాల్. గ్యాస్ ప్రమాదం జరిగిన 30 ఏళ్ళకు, 2014 డిసెంబర్‌లో, బాధితుల సంఘాలు తమంతట తాము ఒక మ్యూజియం తెరిచాయి. ప్రభుత్వ సొమ్ము వద్దు, కంపెనీల సొమ్ము వద్దు అనుకున్నారు. చిన్న ఇల్లు. లోపల గోడలకు టెలిఫోన్లు వేలాడుతుంటాయి. రిసీవరు ఎత్తితే ఒక గొంతు, ఆ రాత్రి తన ఇంట్లో ఏం జరిగిందో చెప్తుంది. పక్కన ఆ ఇంటి వస్తువు ఒకటి, పిల్లల చొక్కానో గాజో. భోపాల్‌లో చేసింది వస్తువును వస్తువుగా చూపించడం కాదు, ఆ వస్తువు తెచ్చిన మనిషి నోటితో దాన్ని మాట్లాడించడం. ఈ పనిని మన దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ళు విత్తనాలతో ఇప్పటికే చేస్తున్నారు గనక మనం ఫ్రాన్సుకో భోపాల్‌కో పోయి నేర్చుకోవలసిన పనీ లేదు.

అడ్డంకులు లేవని కాదు. కంపెనీ తన గేటు లోపలి జ్ఞాపకాన్ని బయటికి ఎందుకిస్తుంది? సర్కారుకు ఇది పర్యాటకం కాదు, తలనొప్పి. యూనియన్లు ఒకప్పటి బలంతో లేవు. చేసేదంతా కాంట్రాక్టు పని. ఇంకో చిక్కు అన్నిటికన్నా పెద్దది. ఈ మ్యూజియం ఎవరిది? 2016 అక్టోబర్ 11న మెదక్‌నుంచి విడిపోయి సంగారెడ్డి జిల్లా అయింది. జిల్లా పేరే ఇంకా నాలుక మీద కుదురుకోలేదు. ఊరివాళ్ళు భూములమ్ముకుని హైదరాబాద్ వైపు జరిగారు. ఒడిశానుంచి వచ్చినవాడు పదేళ్ళుగా ఇస్నాపూర్‌లో గది అద్దెకు ఉంటూ, ఓటు మాత్రం బలాంగీర్‌లో వేస్తున్నాడు. నక్కవాగు జ్ఞాపకం ఊరివాడిది, బాయిలరు జ్ఞాపకం పరాయివాడిది. రెండూ ఒకే గదిలో పెట్టకపోతే అది సగం మ్యూజియమే. పొట్లచెరువు జైనులదీ, శైవులదీ, అమీన్‌ఖాన్‌దీ అయినప్పుడు ఇప్పుడు బలాంగీర్‌వాడిది కాకుండా ఎలా పోతుంది?

చేతనైనవాళ్ళు చేస్తూనే ఉన్నారు. కొత్త తెలంగాణ చరిత్ర బృందంలాంటి ఔత్సాహికులు ఆదివారాలు చెట్ల కింద, చెరువు కట్టల మీద, పాటిగడ్డల మీద తిరుగుతూ వీరగల్లులు, శాసనాలు, విగ్రహాలు గుర్తించి ఫొటోలు తీసి పేపర్లకిస్తున్నారు. తెలంగాణ సర్కారు 2017లో వారసత్వ చట్టం చేసింది. నందికంది రామలింగేశ్వరాలయం, 11వ శతాబ్దపు చాళుక్య పనితనం, నక్షత్రాకారంలో మలిచినది, హైవేకు కూతవేటు దూరంలో ఉంది. దాన్ని చూసి వచ్చేవాళ్ళు కొండాపూర్ పోరు, కొండాపూర్ వచ్చేవాళ్ళకు నందికంది పేరు తెలియదు, జైలుకు వచ్చేవాళ్ళకు రెండూ తెలియవు. మూడింటి యజమానులు వేరు, ఒకటి కేంద్రం, ఒకటి జైళ్ళ శాఖ, ఇంకోటి ఇంకొకరు. వీళ్ళందరూ కలిసి ఒక పేజీ పటం అచ్చేసి బస్టాండులో పంచడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. నాకు అర్థం కానిది అదొక్కటే.

పోయినసారి కొండాపూర్‌నుంచి తిరిగొస్తూ ఇస్నాపూర్‌లో చాయ్‌కి ఆగాను. పక్క బల్ల మీద కూచున్న పెద్దాయన మూతపడిన ఒక కంపెనీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేశాడట. ఎక్కడినుంచి వస్తున్నానో అడిగి, మ్యూజియమనగానే ‘ఆగు సార్’ అని ఇంట్లోకి పోయి, ఒక ఇత్తడి బిళ్ళ తెచ్చాడు. గేటు దగ్గర లోపలికి పోయేటప్పుడు ఇచ్చే టోకెను. అంచులు అరిగిపోయి, మధ్యలో 417 అని కొట్టి ఉంది. పైన మేకుకు తగిలించడానికో తాడు కట్టుకోవడానికో బెజ్జం.

‘గిది ఇస్తే పెట్టుకుంటరా వాళ్ళు?’ అన్నాడు.

‘అక్కడ శాతవాహనుల కాలంవే పెడతరు పెద్దాయనా’ అన్నాను.

‘మరి గీ కాలంవి?’

బిళ్ళను అరచేతిలో తిప్పి చూశాను. బరువుగానే ఉంది. వెనకవైపు ఏదో ముద్ర ఉండేదట, రోజూ వేలు తగిలి పోయింది. చాయ్ చల్లారేలోపు తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన దాన్ని లుంగీ కొసకు ముడేసుకుని, రెండో షిఫ్టు వాళ్ళు దిగుతున్నారని చెప్పి, నా బండి తీయడానికి దారి చూపించాడు.